గంజి కాలిన మచ్చ, పచ్చబొట్టు రంగు

1994 వేసవి సెలవుల్లో, నాకు 8 ఏళ్ల వయసులో, తెనాలిలోని మా ఇంటి పెరట్లో అమ్మ అన్నం వారుస్తుండగా నేను వెనక నుంచి పరుగెత్తుకొచ్చి ఆమె మోచేతికి తగిలాను. తపేలాకు అడ్డుపెట్టిన సిబ్బి పక్కకు జరిగి, మరుగుతున్న గంజి నా ఎడమ జబ్బ మీద పడింది. నీళ్లయితే జారిపోయేవి, గంజి చిక్కన కనుక ఒంటికి అంటుకుని, తన వేడినంతా అక్కడే పట్టి ఉంచింది. అమ్మ కేకలు విని వచ్చిన పక్కింటి మామ్మగారు, కాలిన చోట సిరా పోస్తే బొబ్బలెక్కదన్న నమ్మకంతో, నాన్న బల్ల మీది నీలం సిరా బుడ్డి తెచ్చి మొత్తం కుమ్మరించారు. ఆస్పత్రిలో డాక్టరు గారు గాయం ఎంత లోతుకు దిగిందో చూడటానికి ముందు ఆ సిరాను కడిగించవలసి వచ్చింది. కాలిన నొప్పి కంటె ఆ కడిగిన నొప్పి నాకు ఇప్పటికీ ఎక్కువ గుర్తుంది. చిన్నపిల్లలున్న ఇళ్లవారు ఇది చదువుతుంటే ఒక్క మనవి: ఒళ్లు కాలితే సిరా, వెన్న, పసుపు, టూత్‌పేస్టు ఏవీ రాయవద్దు, కుళాయి కింద మామూలు చల్లని నీటిధారలో 20 నిమిషాల పాటు ఆ భాగాన్ని ఉంచి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆ పుండు మానడానికి దాదాపు 2 నెలలు పట్టింది. మిగిలిన మచ్చ జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు ఉండేది. నడిమి భాగం పాలిపోయి తెల్లగా, అంచులు చుట్టూ ఉన్న చర్మం కంటె నల్లగా, పై భాగంలో ఒకచోట తాడు పేనినట్టు చిన్న ఉబ్బుతో ఉండేది. నాది చామనచాయ కావడంతో ఆ తెలుపు దూరం నుంచే కనిపించేది. అప్పటి నుంచి అమ్మ నాకు కుట్టించిన ప్రతి గౌనుకూ, పెద్దయ్యాక ప్రతి జాకెట్టుకూ చేతులు మోచేతి దాకా ఉండేవి. దర్జీకి ఆ కొలత చెప్పడం అమ్మకు ఎంత అలవాటయిందంటే, మేము ఎన్నడూ దాని గురించి మాట్లాడుకోలేదు. పెళ్లిచూపుల రోజుల్లో ఒక సంబంధం వారు "అది బొల్లి కాదు కదా" అని మధ్యవర్తి ద్వారా కబురు పంపితే, నాన్న పాత ఆస్పత్రి చీటీ వెతికి, దానికి జిరాక్సు తీయించి పంపారు. ఆ చీటీ పంపడం నాకు మచ్చ కంటె ఎక్కువ బాధ కలిగించింది. బొల్లి అంటువ్యాధి కాదు, తప్పు అంతకన్నా కాదు. అది ఉన్నవారు ఎవరికీ కాగితాలు చూపించవలసిన అగత్యం లేదు. నేను చూపించవలసి రావడమే కాదు, చూపించి ఊపిరి పీల్చుకోవడం కూడా నన్ను చాలా ఏళ్లు వెంటాడింది.

ఆ తెలుపు ఎందుకు తిరిగి నిండలేదన్నది నేను ఎంతో ఆలస్యంగా తెలుసుకున్నాను. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు పై పొర అడుగున ఉంటాయి. వాటిని కొత్తగా పుట్టించగల మూలకణాలు వెంట్రుకల కుదుళ్లలో ఉంటాయి. ఒళ్లు పైపైన గీరుకున్నప్పుడు కుదుళ్ల నుంచి కొత్త కణాలు పైకి పాకి వచ్చి రంగును నింపుతాయి. కాలిన గాయం కుదుళ్లను కూడా మాడ్చేంత లోతుకు దిగితే ఆ దారి మూసుకుపోతుంది. నా మచ్చ మీద ఈ రోజుకూ ఒక్క వెంట్రుక మొలవదు, చెమట పట్టదు. మామూలు చర్మంలో కొల్లాజెన్ అనే నార బుట్ట అల్లినట్టు అటూ ఇటూ అల్లుకుని ఉంటే, మచ్చలో అదే నార ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటుంది. అందుకే ఆ చోటు నున్నగా, బిగుతుగా, వెలుగు పడితే మెరుస్తూ కనిపిస్తుంది. ఎంత బాగా మానినా అక్కడి చర్మానికి మొదటి బలంలో సుమారు 80 శాతానికి మించి తిరిగి రాదు. కొత్త మచ్చ ఎర్రదనం పోయి కుదుటపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కనుక, ఆ లోగా దాని మీద రంగు వేయించుకోవాలని చూడటం తొందరపాటే అవుతుంది.

మచ్చ మీద చర్మపు రంగును పచ్చబొట్టులా పొడిపించి, చుట్టుపక్కల చర్మంలో కలిసిపోయేటట్టు చేయవచ్చునని నేను 2021లో విన్నాను. విన్న వెంటనే నాకు మా అమ్మమ్మ ముంజెయ్యి గుర్తుకు వచ్చింది. ఆమె చేతి మీద మూడు చుక్కలు, వాటి కింద తులసికోట ఆకారంలో కొన్ని గీతలు ఉండేవి. పెళ్లికి ముందు ఊళ్లోకి వచ్చిన ఒక ఎరుకలామె దీపపు మసిని ఆకు పసరుతో నూరి, సూదుల కట్టతో పొడిచిందట. మసి నల్లనిదైతే బొట్టు పచ్చగా ఎందుకు ఉందని చిన్నప్పుడు అడిగితే, పసరు పచ్చదనం ఒంట్లోకి దిగిందని అమ్మమ్మ చెప్పేది. నిజానికి ఆకు పసరు రంగు ఒంట్లో అన్నేళ్లు నిలవదు. అరవై ఏళ్లు నిలిచింది మసి ఒక్కటే. నల్లని మసి చర్మపు పై పొరల కింద కూర్చున్నాక, ఆ పొరల్లో వెలుతురు చెదరడం వల్ల మన కంటికి అది నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. నల్లని మసిని పొడిచి దానికి పచ్చబొట్టని పేరు పెట్టిన మన పెద్దలకు, గిన్నెలో ఉన్న రంగు వేరు, చర్మం కింద కనిపించే రంగు వేరు అన్న సంగతి తెలుసు. ఆ సంగతి తెలియని మనిషి చేతిలో నేను మొదటిసారి నా జబ్బ పెట్టాను.

అక్కడికి వెళ్లే ముందు ఈ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. చర్మపు పై పొర సుమారు నెల రోజుల్లో రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది కనుక, రంగు ఆ పొరలోనే ఆగితే దానితో పాటే పోతుంది. మరీ లోతుకు దిగితే తడి కాగితం మీద సిరా పాకినట్టు పాకి మసకబారుతుంది. అందుచేత దానిని పై పొరకు సరిగ్గా కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో నిలపాలి. అక్కడ దేహాన్ని కాపాడే కణాలు ఆ రంగు రేణువులను పరాయి పదార్థంగా భావించి మింగి, జీర్ణించుకోలేక తమలోనే దాచుకుంటాయి. ఆ కణాలు చనిపోయినప్పుడు బయటపడిన రేణువులను పక్కన పుట్టిన కొత్త కణాలు మళ్లీ మింగుతాయని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశీలనలో చూపించారు. అంటే పచ్చబొట్టు నిలిచి ఉండటం అనేది చేతులు మారుతూ సాగే కాపలా వంటిది. మచ్చలను కప్పడానికి వాడే రంగుల్లో ఎక్కువగా ఉండేవి పసుపు, ఎరుపు, గోధుమ రంగులనిచ్చే ఐరన్ ఆక్సైడ్లు, తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్. వీటిని కలిపి మనిషి రంగుకు దగ్గరగా తీసుకురావడమే ఈ పనిలో అసలు నైపుణ్యం. సూది పట్టుకోవడం దాని తర్వాతి మాట.

2021 డిసెంబరులో హైదరాబాద్‌లో నేను వెళ్లిన చోటు శుభ్రంగానే ఉంది, సూదులు నా కళ్ల ముందే కొత్త పొట్లం చింపి తీశారు, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. రంగు మాత్రం "స్కిన్ టోన్" అని రాసి ఉన్న తయారు సీసాలోంచి నేరుగా తీసి, నా జబ్బ పక్కన ట్యూబులైటు వెలుతురులో పెట్టి చూసి, సరిపోయిందన్నారు. చర్మాన్ని ఎండకు అది స్పందించే తీరును బట్టి వర్గాలుగా విభజించే పద్ధతిని 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు మొదలుపెట్టారు. ఇప్పుడు 6 వర్గాలున్న ఆ కొలమానంలో మన తెలుగువారిలో ఎక్కువమంది 4, 5 వర్గాలలోకి వస్తారు. ఆ సీసాలోని రంగు ఆ కొలమానంలో మొదటి వర్గాల వారికి, అంటే బాగా తెల్లని చర్మం ఉన్నవారికి, ఉద్దేశించినదని నాకు తర్వాత అర్థమైంది. పరీక్షగా చిన్న చుక్క వేసి చూద్దామని నేను అడిగితే, అది అవసరం లేదని చెప్పి, మచ్చ కింది భాగంలో నాలుగు వేళ్లంత మేర ఒకే విడతలో పొడిచారు. ఆ పూట అద్దంలో చూసుకుంటే పొడిచిన మేర నిజంగానే మచ్చ కనిపించలేదు. ఏడుపు వచ్చింది, అమ్మకు ఫోను చేశాను.

తప్పు 3 నెలలకు బయటపడింది. సగం తప్పు రంగుది, మిగతా సగం నాది, ఆ రెండవ సగం గురించే నేను ముఖ్యంగా ఈ టపా రాస్తున్నాను. 27 ఏళ్ల పాటు మోచేతి దాకా బట్ట కప్పి ఉంచిన జబ్బ మీద చర్మం ఎండ సోకక లేతగా ఉండిపోయింది. వారు సరిపోల్చింది ఆ లేత రంగుతో, అది కూడా చలికాలంలో. ఆ మేర మచ్చ కనిపించడం లేదన్న సంతోషంతో నేను వెంటనే పొట్టి చేతుల జాకెట్లు కుట్టించుకుని వేసుకోవడం మొదలుపెట్టాను. మార్చి, ఏప్రిల్ ఎండలకు జబ్బ మిగతా చర్మమంతా నల్లబడింది, మచ్చలో పొడిచిన రంగు మాత్రం ఎండకు నల్లబడే గుణం లేనిది కనుక అలాగే ఉండిపోయింది. మే నెల వచ్చేసరికి నా జబ్బ మీద గులాబీ రంగు కలిసిన అతుకు ఒకటి, దాని పైన పాత తెల్లమచ్చ ఒకటి, రెండూ పక్కపక్కనే తేటగా కనిపించాయి. మళ్లీ పాత జాకెట్లు బయటికి తీశాను.

దాన్ని లేజరుతో తీయించుకుందామని ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ వెంటనే వద్దన్నారు. మామూలు నల్ల పచ్చబొట్టును లేజరు కాలక్రమంలో చెదరగొట్టగలదు కాని, ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న చర్మపు రంగు పచ్చబొట్టు మీద లేజరు పడితే ఆ రసాయనాలు మారిపోయి, ఆ చోటు ఒక్కసారిగా బూడిద రంగుకో నలుపుకో తిరిగే ప్రమాదం ఉందని వివరించారు. మచ్చను కప్పే పచ్చబొట్టు కనుక నచ్చకపోతే తర్వాత తీయించుకోవచ్చులే అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. ఈ రంగును వెనక్కి తీసుకోవడం మామూలు పచ్చబొట్టు కంటె కష్టం. నా విషయంలో మిగిలిన దారి దాని మీద ముదురు రంగు పొడిచి సరిదిద్దడమే. ఆవిడ తన దగ్గర పనిచేసే అమ్మాయి ఒకామె ఈ పనిలో ఏళ్ల అనుభవం ఉన్నదని చెప్పి, నన్ను ఆమెకు అప్పగించే ముందు నా ఉబ్బు మచ్చను తడిమి, ఒంటి మీద ఇంకెక్కడైనా గాయం దాని హద్దు దాటి పెరిగిన గుర్తులున్నాయేమో అడిగి, చెవులు కుట్టిన చోట్లు, గుండెల మీద, భుజాల మీద పరీక్షించారు. గాయం మేర దాటి పెరిగే మచ్చను కెలాయిడ్ అంటారు, అది తెల్లని చర్మం ఉన్నవారి కంటె మన వంటి చర్మం ఉన్నవారిలో ఎక్కువగా వస్తుంది. ఆ తత్వం ఉన్నవారికి సూది పోటే కొత్త గాయమవుతుంది కనుక, వారు ఈ పని జోలికి వెళ్లకపోవడమే మంచిది. నాది హద్దు దాటని ఉబ్బు మాత్రమే. దాన్ని ముందు స్టెరాయిడ్ సూదిమందుతోనూ సిలికాన్ పట్టీలతోనూ కొన్ని నెలలు అణచి, చివరికి మాత్రమే రంగు సంగతి చూడాలన్నారు. ఆకారం ముందు, రంగు తర్వాత.

ఆ అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది. "అక్కా, రంగు వేశాక మీరు ఎలాంటి జాకెట్లు వేసుకుంటారు?" అంది. పొట్టి చేతులవి వేసుకోవాలనే కదా ఈ ప్రయత్నమంతా అన్నాను. అయితే ముందు 3 నెలల పాటు పొట్టి చేతులే వేసుకుని, రోజూ తిరిగినట్టే తిరిగి, ఆ తర్వాత రమ్మంది. జబ్బ మీది చర్మం ఇక ముందు ఏ రంగులో ఉండబోతోందో అది తేలాకనే సరిపోల్చడం కుదురుతుందని, బట్ట చాటున ఉన్న చర్మానికి సరిపోల్చిన రంగు బట్ట తీసిన మర్నాటి నుంచీ అబద్ధమవుతుందని చెప్పింది. మచ్చను దాచుకోవాలంటే ముందు దాన్ని లోకానికి చూపించాలన్నమాట. నేను ఇంటికి వచ్చి రెండు వారాలు ఏమీ చేయలేదు. కాలిన రోజు కంటె, సూది పోట్ల కంటె ఆ 3 నెలలే నాకు కష్టమనిపించాయి, ఈ మొత్తం వ్యవహారంలో నాకు మేలు చేసినవి కూడా అవే అని ఈ రోజు నిజాయితీగా చెప్పగలను.

మొదటి వారం ఆఫీసు క్యాంటీనులో ముగ్గురు అడిగారు. గంజి పడిందని చెప్పాను. "మా అన్నయ్యకూ అలాగే, కాలి మీద" అని ఒకామె తన ఫోనులో ఫొటో వెతికి చూపించింది. బస్సులో ఒక పెద్దాయన చూసి చూపు తిప్పుకున్నారు, ఒక చిన్న పాప వేలు పెట్టి తాకింది. నాలుగో వారానికి అడిగేవారు తగ్గారు, రెండో నెలలో నేనే మరచిపోయిన రోజులున్నాయి. తెనాలిలో మా పిన్ని కూతురి ఓణీల వేడుకకు అలాగే వెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, నా ఎడమ పక్కన నిలబడి, అలవాటుగా పైట లాగి జబ్బ మీద కప్పింది. డాక్టరమ్మ ఇలాగే తిరగమందని నెమ్మదిగా పైట తీసేశాను. అమ్మ ఏమీ అనలేదు కాని భోజనాల దగ్గర ఎవరో "ఆ మచ్చేమిటమ్మా" అని నన్ను అడిగితే, నేను నోరు తెరవక ముందే ఆవిడ "నా చేతి నుంచే పడింది" అంది. నేను తగలడం వల్ల పడిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అన్నేళ్లుగా ఆమె దానిని ఆ మాటలతోనే మోసిందని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది.

పని 2023 అక్టోబరు చివర్లో మొదలైంది. ఆ అమ్మాయి నన్ను ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో కూర్చోబెట్టి, నా జబ్బ రంగును ఒకటిగా కాక నాలుగుగా చూసింది. పై భాగం, మోచేతి దగ్గర, వెలుపలి వైపు, ఒంటికి ఆనుకునే లోపలి వైపు వేర్వేరుగా ఉన్నాయని ఆమె చూపించాకే నేను గమనించాను. చర్మం గోడకు కొట్టిన రంగులా ఉండదు, అందులో చిన్న చిన్న మచ్చలు, నీడలు, కింద పారే రక్తపు ఎర్రదనం కలిసి ఉంటాయి. అందుకని ఆమె నాలుగు చిన్న గిన్నెల్లో పసుపు, గోధుమ, కొద్దిగా ఎరుపు, ఒక చుక్క తెలుపు వేర్వేరు పాళ్లలో కలిపి నాలుగు రంగులు సిద్ధం చేసింది. తెలుపు ఎక్కువైతే మన వంటి చర్మం మీద బూడిద రాసినట్టు తేలుతుందని దానిని చాలా పొదుపుగా వాడింది. మచ్చ మూలల్లో ఒక్కో రంగుతో మినపగింజంత పరీక్షచుక్క వేసి, 6 వారాల తర్వాత రమ్మంది. ఆ చుక్కల్లో సరిగ్గా కలిసిపోయింది ఆమె మొదట అనుకున్నది కాదు, దానికంటె ఒక పాలు పసుపు ఎక్కువగా ఉన్నది. మచ్చ మీద పై పొరలో మెలనిన్ లేదు కనుక కింది రంగు అడ్డు లేకుండా తేటగా కనిపిస్తుంది. అదే రంగు హద్దు దాటి మంచి చర్మంలోకి వెళ్తే, పైన ఉన్న గోధుమ రంగు మెలనిన్ పొరలోంచి కనిపించి నల్లని గీతలా తేలుతుంది. ఈ కారణం చేత ఆమె హద్దు దగ్గర చుక్కలను పలచబరుస్తూ వచ్చి, మంచి చర్మం మొదలయ్యే ముందే ఆపేసింది.

విడతకు ముందు మొద్దుబారే క్రీము రాసి, ప్లాస్టిక్ పొర చుట్టి ముప్పావు గంట ఉంచారు. మచ్చలో కొన్నిచోట్ల స్పర్శ తక్కువగా ఉండి నాకేమీ తెలియలేదు, కొన్నిచోట్ల మాత్రం ఉండవలసిన దానికంటె ఎక్కువ నొప్పి పుట్టింది. మచ్చ రంగు పట్టుకునే తీరు కూడా అలాగే ఉంటుంది: బిగుతైన చోట రంగు పట్టదు, మెత్తని చోట పట్టి పాకుతుంది. గీతలు గీయకుండా చుక్కలు చుక్కలుగా, చేయి ఎత్తి దించుతూ గంటన్నర సేపు పొడిచారు. ఆ రోజు ఎర్రగా, కావలసిన దానికంటె ముదురుగా కనిపించింది. 4వ రోజు నుంచి పొలుసులు రాలాయి, రెండు వారాలకు మళ్లీ పాలిపోయినట్టయి నేను బెంగపడ్డాను, అసలు రంగు 5వ వారంలో కుదురుకుంది. పొలుసులను గోటితో లాగకూడదు, కొన్ని రోజులు నానేటట్టు స్నానం చేయకూడదు, పసుపు రాయకూడదు, మానాక ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ వదలకూడదు. అలా రెండేసి నెలల ఎడంతో 3 విడతలు పట్టింది. మొదటి చోట వేసిన గులాబీ అతుకు మీద మాత్రం నాలుగో విడత కూడా అవసరమైంది, అది నేటికీ పూర్తిగా కలవలేదు.

ఇప్పుడు ఎలా ఉందంటే, మూడు నాలుగు అడుగుల దూరం నుంచి చూసేవారికి మచ్చ తెలియదు. దగ్గరగా వచ్చి చూస్తే, ముఖ్యంగా పక్క నుంచి వెలుతురు పడితే, ఆ నున్నదనం, ఆ మెరుపు తెలుస్తాయి, ఎందుకంటే రంగు మారింది కాని చర్మం మారలేదు. అంచుల్లో ఉన్న నలుపు అలాగే ఉంది. ఈ పద్ధతి చుట్టూ ఉన్న చర్మం కంటె తెల్లగా ఉన్న మచ్చలకే పనికివస్తుంది. నల్లబడిన మొటిమల మచ్చలను లేత రంగు పొడిచి తెల్లబరచాలనుకుంటే పైనున్న మెలనిన్ దానిని కనిపించనివ్వదు, బూడిద రంగు మిగులుతుంది. గుంటలు పడిన మచ్చలు గుంటలుగానే ఉంటాయి. మధుమేహం అదుపులో లేనివారు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవారు, ఈ మధ్యే మానినవారు ముందు వైద్యులతో మాట్లాడాలి. పుట్టుమచ్చల మీద మాత్రం ఎవరు అడిగినా రంగు వేయించుకోకూడదు, ఎందుకంటే రేపు వాటిలో మార్పు వస్తే కనిపించాలి. వాడే రంగుల్లో ఏముందో అడగడం కూడా మన హక్కు. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో వేల రసాయనాల వాడకాన్ని పరిమితం చేసింది. ఆ నిబంధనలకు లోబడిన రంగులు వాడుతున్నారా అని నేను అడిగితే, ఆ అమ్మాయి సీసా మీది చీటీని చదివి చూపించింది.

డాక్టరు గారి వరండాలో కూర్చున్నప్పుడు నాతో మాట కలిపిన వారందరిదీ కాలిన మచ్చ కాదు. ఒక అబ్బాయి పుట్టుకతో చీలిన పెదవికి కుట్లు వేసిన గీతను, పెదవి అంచు కలిసేటట్టు రంగుతో దిద్దించుకోవడానికి వచ్చాడు. పెదవుల మీద, వేళ్ల కొసల మీద మందులకు లొంగని బొల్లి మచ్చలకు మన దేశపు చర్మవైద్యులు ఎంతో కాలంగా ఈ పద్ధతిని వాడుతున్నారు. అయితే బొల్లి పాకడం ఆగి కనీసం ఏడాది గడిచి ఉండాలి, లేకపోతే సూది పడిన చోటల్లా కొత్త మచ్చ లేచే గుణం ఆ వ్యాధికి ఉంది. రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్స తర్వాత పునర్నిర్మించిన రొమ్ము మీద చనుమొనను, దాని చుట్టూ ఉండే ముదురు రంగు వలయాన్ని వెలుగునీడలతో పొడిచి, చదునైన చోట ఎత్తు ఉన్నట్టు భ్రమింపజేసే పనికి అమెరికాలోని మేరీలాండ్‌కు చెందిన విన్నీ మయర్స్ పేరు పొందారు. కెనడాలో బస్మా హమీద్ చిన్నతనంలో వంటింట్లో నూనె పడి ముఖం కాలినవారు. తనకు పనికొచ్చిన ఈ విద్యనే తర్వాత వృత్తిగా చేసుకుని ఇతరులకు చేస్తున్నారు. ఆమె సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మచ్చను మాయం చేయకుండా దాని మీద పువ్వో పక్షో పొడిపించుకోవడం మరొక దారి. బ్రెజిల్‌లోని కురిటిబాలో ఫ్లావియా కార్వాల్యో ఇంటివారి హింసకు గురైన స్త్రీల మచ్చల మీద ఉచితంగా అలాంటి బొమ్మలు వేస్తున్నారు. అది గొప్ప పని, ఎవరో చేసిన గాయాన్ని తాను ఎంచుకున్న బొమ్మగా మార్చుకోవడంలో ఉన్న తెగువ నాకు అర్థమవుతుంది. నేను కూడా మల్లెతీగ వేయించుకుందామా అని కొన్నాళ్లు ఆలోచించాను. కాని నా గాయంలో దోషి ఎవరూ లేరు, తీర్చుకోవలసినదేమీ లేదు. మల్లెతీగ వేయించుకుంటే అమ్మ దాన్ని చూసినప్పుడల్లా దాని కింద ఏముందో గుర్తుకు తెచ్చుకుంటుంది. ఏమీ లేనట్టు ఉండటమే నాకు కావలసింది.

రంగు ఏటేటా కొద్దిగా పలచబడుతుందని, కొన్నేళ్లకొకసారి మళ్లీ దిద్దించుకోవాలని ముందే చెప్పారు. నేను ఈ మధ్య, 2025 జులైలో, ఒకసారి చూపించుకుని వచ్చాను, మరో ఏడాది అవసరం ఉండదన్నారు. ఎండాకాలంలో మచ్చ కాస్త లేతగా, చలికాలంలో కాస్త ముదురుగా కనిపిస్తుంది, దాని మీద నాకు పట్టింపు లేదు.

శ్రావణ మాసంలో తెనాలి వెళ్లినప్పుడు అమ్మ నన్ను వరలక్ష్మీ వ్రతం చీర మీదికి జాకెట్టు కుట్టించడానికి తీసుకెళ్లింది. ఆ దర్జీ నా చిన్నప్పటి నుంచి మాకు కుట్టేవాడే. పుస్తకంలో పాత పేజీ తీసి, నన్ను అడగకుండానే "చేతులు మోచేతి దాకానే కదమ్మా" అంటూ రాసుకోబోయాడు. అమ్మ నా ఎడమ జబ్బ పట్టుకుని, బొటనవేలితో మచ్చ మీద పై నుంచి కిందికి ఒకసారి రాసింది. ఆ ఉబ్బు ఎక్కడుందో ఆమె వేలికి తెలుసు, అక్కడ ఒక్క క్షణం ఆగింది. "కాదు బాబూ, పొట్టివి పెట్టు, ఇక్కడి దాకా చాలు" అని, జబ్బ మీద మచ్చకు పైన వేలు పెట్టి చూపించింది.